తూకపురాయి

పక్షి వాలే కొయ్య కింద పరిచిన ఇసుకను కిష్టమ్మ వేళ్ళతో మెల్లగా కలియబెడుతోంది. చీపురు పక్కన పెట్టేసింది. చీపురుతో వెతికితే ఉండ చిట్లిపోతుంది. ఎండ ఇంకా మామిడిచెట్ల చిటారు కొమ్మల మీదే ఉంది. ఇసుక రాత్రి చలి పట్టి చల్లగా తగులుతోంది. రెండుసార్లు వెతికినా ఏమీ దొరకలేదు. మూడోసారి గోడవారకు చెయ్యి పోనిచ్చేసరికి వేలికి తగిలింది.

బొటనవేలంత ఉండ. బూడిద రంగు, ఒక కొస సన్నం. పక్షి ముందురోజు తిన్నదాంట్లో అరగని వెంట్రుకలు, ఎముకలు ఇలా ఉండకట్టి, తెల్లారేసరికి నోటివెంట పడిపోతాయి. నాలుగేళ్ళుగా ప్రతి పొద్దునా కిష్టమ్మ మొదటి పని ఆ ఉండను వెతకడం, విరిచి చూడడం. ఎముకలు తెల్లగా పొడిగా ఉంటే పక్షి బాగున్నట్టు. పచ్చగా జిగురుగా ఉంటే ఒంట్లో బాగాలేనట్టు. ఇవాళ్టి ఉండలో ఎలుక దవడ ఒకటి, పళ్ళతో సహా, కడిగి పెట్టినంత శుభ్రంగా ఉంది.

"మంచిగున్నవ్ బిడ్డా," అంది. "కడుపుల ఏం లేదు."

కొయ్య మీద పక్షి మెడ తిప్పి ఆమెను చూసింది. అది గద్దే, కానీ ఊళ్ళో కోడిపిల్లల్ని తన్నుకుపోయే గద్దలాంటిది కాదు. తల, చెంపలు కాటుక పూసినట్టు నల్లన. నెత్తిన చిటికెనవేలంత కుచ్చు. గొంతు, రొమ్ము తెలుపు. రొమ్ము కింద నుంచి కాళ్ళదాకా కొత్తకుండ రంగు. కాళ్ళకు కూడా వేళ్ళదాకా మేజోళ్ళు తొడిగినట్టు ఈకలు. కోడిపుంజుకన్నా చిన్నదే, కానీ రెక్కలు విప్పితే ఆ గది సగం చీకటయ్యేది.

పుప్పాలగూడ నుంచి మణికొండకు పోయే బండ్లబాట పక్కన ఆ మామిడితోట. ఎప్పుడో ఒక నవాబు కట్టించుకున్న రెండు గదుల ఇల్లు, వెనక వసారా, ఒక బావి. అందులో సీతారామాంజనేయులు గారు కిరాయికి ఉంటున్నారు. రాజమండ్రి ఆయన. పట్నంలో కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆ పొడుగాటి పేరు పలకలేక ఊరంతా ఆయన్ని పిట్టలసారు అంటారు. నాలుగేళ్ళ కిందట రంప అడవుల్లో కలప కూపువాళ్ళు ఒక మహావృక్షాన్ని కొట్టేస్తే, గూటితో సహా కిందపడిన పిల్లను ఆయన బుట్టలో పెట్టుకుని తీసుకొచ్చారు. అప్పటికి అది పత్తి ఉండలా ఉండేది. ఇల్లు ఊడ్చేందుకు పెట్టుకున్న కిష్టమ్మను పిలిచి, "దీనికి కాస్త తినిపించగలవా?" అని అడిగారు. ఆమె కిందా మీదా చూసింది. "నోరున్నదంటె తింటది సారూ. ఏం తింటదో చెప్పుండ్రి," అంది. అప్పట్నుంచి అదే ఆమె పని.

"ఈ జాతి పిల్లదశలో ఎలా ఉంటుందో, ఎన్నేళ్ళకు రంగు మారుతుందో ఎవరూ సరిగా రాసినట్టు లేదు కిష్టమ్మా," అనేవారు సారు. "దట్టమైన అడవిలో చెట్ల కొసల మీద తిరుగుతుంది. చూసినవాళ్ళే తక్కువ." దానికి ఇంగ్లీషులో మూడు మాటల పేరుంది. తెలుగులో ఏమంటారని ఆమె అడిగితే ఆయన చాలా పుస్తకాలు తిరగేసి, నాకైతే దొరకలేదన్నారు. పేరు లేకుంటే పాయె అనుకుని కిష్టమ్మ దాన్ని బిడ్డా అని పిలిచింది.

మూడో ఏడు తెల్లటి పొట్ట మీద అక్కడక్కడ ఎర్రమచ్చలు రావడం మొదలైంది. అవి రోజురోజుకీ పెరిగాయి. ఎవరి కన్నో తగిలిందని కిష్టమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి మూడు మంగళవారాలు దిష్టి తీసింది. మిరపకాయల ఘాటుకు సారు దగ్గుతూ బయటికొచ్చి, విషయం తెలిసి, గోడకానుకుని నవ్వారు. దానికి వయసొస్తోంది కిష్టమ్మా, ఈ రంగు చూడాలనే నేను ఇన్నాళ్ళూ కూర్చున్నాను అన్నారు. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. ఆ ఎరుపు ఎంత ఎరుపో ఆమెనే అడిగి నోటుబుక్కులో రాసుకున్నారు. కొత్తకుండ రంగు అన్నది ఆమె మాటే.

ఉండను సారు కోసం అగ్గిపెట్టెలో వేసి కిష్టమ్మ లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. గది గడియ పెట్టింది. నాలుగడుగులు వేసి, పెట్టిందో లేదో అని వెనక్కి వచ్చి చూసుకుంది. పెట్టే ఉంది.

ఇవాళ శనివారం. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పొద్దంతా పచ్చి మంచినీళ్ళు, పొద్దుగూకినాక స్నానం చేసి ఒక పూట తిండి. ఆ రోజు ఆమె నీసు ముట్టదు. కాబట్టి పక్షికి కూడా తిండి లేదు. మొదట్లో సారుకు చెప్పడానికి జంకింది. ఆయన విని, "మంచిదే. అడవిలో మాత్రం రోజూ దొరుకుతుందా!" అన్నారు. అలా నాలుగేళ్ళుగా ఇద్దరికీ ఒక్కపొద్దే.

వసారాలో దూలానికి తక్కెడ వేలాడుతోంది. ఆమె గోడగూట్లో చెయ్యి పెట్టింది. అక్కడ రెండు రాళ్ళున్నాయి.

ఒకప్పుడు సారు ఇత్తడి తూనికరాళ్ళతో పక్షిని తూచేవారు. కళ్ళు మసకబారాక ఒకసారి యాభై గ్రాములదనుకుని ఇరవైది వేశారు. ఆ వారమంతా పక్షి మాట వినలేదు. బరువులోనే ఉంది అంతా. ఎక్కువైతే కొయ్య మీద కూర్చుని ఈకలు దువ్వుకుంటుంది, పిలిచినా రాదు. తక్కువైతే నీరసపడుతుంది. రెండింటికీ నడుమ ఒక బరువుంది. ఆ బరువులో దానికి ఆకలీ ఉంటుంది, బలమూ ఉంటుంది. అదెంతో కనుక్కోవడానికి సారుకు ఏడాది పట్టింది. కిష్టమ్మ ఆ బరువును ఒక రాయిలో పెట్టింది. గుట్ట మీద నుంచి పిడికిలికి మించిన రాతిముక్క తెచ్చి, పక్షిని ఒక పళ్ళెంలో, రాయిని ఒక పళ్ళెంలో పెట్టి, ఉలితో కొంచెం కొంచెం చెక్కుతూ, రెండు పళ్ళేలూ సమంగా నిలిచేదాకా రెండు రోజులు కూర్చుంది. "ఇగ అంకెలతోటి పనిలేదు సారూ," అంది. సారు ఆ రాయిని చేత్తో తడిమి చూసి, ఇత్తడి రాళ్ళను పెట్టెలో పెట్టేశారు.

ఆ ఉలి ఎల్లేశంది.

ఎల్లేశం ఆమె పెనిమిటి. పుప్పాలగూడ గుట్టల మీద రాయి కొట్టేవాడు. పదహారేళ్ళ కిందట నాగార్జునసాగర్ కట్ట పనికి లారీ వస్తే ఎక్కిపోయాడు. అదీ శనివారమే. లారీ మధ్యాహ్నం వస్తుందన్నారు, పొద్దున్నే వచ్చింది. ఒక్కపొద్దు గనక ఆమె పొయ్యి రాజేయలేదు. ఉట్టి మీద ముందురోజు రొట్టె కూడా లేదు. "జర ఆగు, రొట్టె చేస్త," అంది. "ఆడ తింట తియ్," అన్నాడు. ఉలులు, సుత్తె గోనెసంచిలో వేసుకుని పోయాడు. ఒక ఉలి ఇంట్లో మరిచిపోయాడు.

రెండుసార్లు కబురు వచ్చింది. తర్వాత రాలేదు. మాచర్లలో ఇంకో ఇల్లు పెట్టాడని ఒకరు చెప్పారు. కట్ట మీద నుంచి పడ్డాడని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఆమె పుస్తెలు తియ్యలేదు. బొట్టు పెట్టుకునేటప్పుడు మాత్రం ఇప్పటికీ వేలు నొసటి దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. కడుపు కాలుతుండగా గడప దాటినవాళ్ళు మళ్ళీ రారని ఆమె అత్త అనేది. అత్త పోయింది. ఆ మాట పోలేదు.

రెండో రాయి వాగులో దొరికింది. నున్నగా, మొదటి రాయికన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. దాని సంగతి సారుకు తెలియదు.

వర్షాలు ఆగిపోగానే సారు ఒక మాట చెప్పారు. తోట వదిలెయ్యాలి. ఆయన రాజమండ్రిలో అక్క కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. పక్షి తనంతట తాను వేటాడి తినగలిగితే దాన్ని మళ్ళీ రంప అడవిలో వదులుతారు. లేకపోతే జూకు ఇచ్చెయ్యాలి. అది తెలుసుకోవాలంటే కాలికి తాడు లేకుండా గుట్ట మీద ఎగరెయ్యాలి. వేటాడితే సరే. పారిపోతే పోయినట్టే.

మొదటి శనివారం కిష్టమ్మ పక్షిని చేతిమీదికి ఎక్కించుకోబోయి ఆగింది. తాడు లేదు. కడుపులో ఏమీ లేదు. తన చేతిమీద నుంచే పోతుంది. ఒక్కపొద్దు నాడు, నాలుగేళ్ళలో మొదటిసారి, ఆమె ఎలుకను కోసి దానికి పెట్టింది. తూకంలో తేడా వస్తుందని, గూట్లోని రాయి తీసి వాగురాయి వేసింది. సారు పళ్ళేలు తడిమి చూసి, సమంగా ఉందనుకున్నారు. గుట్ట మీద పక్షి బండ మీద కూర్చుని, ఒక కాలు పైకి ముడుచుకుని, ఎండ కాచుకుంది. పావురాలు దాని ముందే తిరిగాయి. కిష్టమ్మ పిలిస్తే మెల్లగా వచ్చి చేతిమీద వాలింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

రెండో శనివారం కూడా అంతే చేసింది. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు సారు బాట మధ్యలో నిలబడిపోయారు. "బరువు సరిగ్గానే ఉంది. ఆకలీ ఉండాలి. అయినా కదల్లేదు. అడవి మరిచిపోయింది కిష్టమ్మా. నేనే పాడుచేశాను దాన్ని," అన్నారు.

బుధవారం అటవీశాఖ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఆయన పోస్టుమ్యానుతో చదివించుకుని ఆమెకు చెప్పారు. ఈ శనివారం మధ్యాహ్నం జీపు వస్తుంది, సారు కూడా అందులోనే పోతారు. పొద్దున ఆఖరిసారి చూస్తారు. వేటాడితే జీపు రంపకు పోతుంది. లేకపోతే పక్షిని పట్నంలో జూ దగ్గర దించేసి పోతుంది.

కిష్టమ్మ ఒకసారి జూ చూసింది. బోను పెద్దదే. శుభ్రంగానే ఉంది. లోపల ఒక ఎండుకొమ్మ మీద ఏదో గద్ద కూర్చుని ఉంది. పైన కూడా ఇనుపవల ఉంది. ఆ వల మీద వాలి ఒక కాకి కిందికి చూస్తోంది. అది గుర్తొచ్చి మూడు రాత్రులు ఆమెకు సరిగా నిద్రపట్టలేదు.

గూట్లో చేతికి ముందు నున్నరాయి తగిలింది. ఆమె దాన్ని తీసి కొంగులో మూటగట్టుకుంది. తర్వాత ఉలిదెబ్బల రాయి తీసి పళ్ళెంలో పెట్టింది. పక్షిని తెచ్చి రెండో పళ్ళెంలోని కర్రముక్క మీద నిలబెట్టింది. పళ్ళేలు రెండుసార్లు ఊగి, సమంగా ఆగాయి.

"ఎలా ఉంది?" సారు చేతికర్ర తాటించుకుంటూ వసారాలోకి వచ్చారు. ఎప్పటిలాగే రెండు పళ్ళేల అంచులు తడిమారు. చెయ్యి రాయి మీద ఒక్క క్షణం ఆగింది.

"సమంగున్నది సారూ."

"ఊఁ," అన్నారాయన.

బావి పక్కనుంచి పోతూ కిష్టమ్మ కొంగుమూట విప్పింది. రాయి నీళ్ళలో పడ్డ చప్పుడు సారుకు వినిపించే ఉంటుంది. ఆయన కర్ర ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలింది.

బాట మీద భూలక్ష్మి ఎదురైంది. నెత్తిన సీతాఫలాల గంప. మెహదీపట్నం దాకా నడిచి అమ్ముకొస్తుంది. కిష్టమ్మకు ఇరుగిల్లు, చెల్లె వరస. తోలు తొడుగు వేసుకున్న కిష్టమ్మ ఎడమచేతి మీద పక్షిని చూసి నవ్వింది.

"ఏందక్కా, అల్లుణ్ణి చేతుల మీద మోసుకుంట పోతున్నవ్. నడవడా ఆయన?"

"ఆడపిల్లనే అది."

"గరుడపక్షికి రొమ్ము తెలుపు, వీపు ఎరుపు. నీ బిడ్డ తిరగేసి కట్టిన చీర లెక్క ఉన్నది. దేవుడు తొందరల పుట్టిచ్చిండు కావొచ్చు." అంటూనే కిష్టమ్మ ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఇయ్యాలనేనా?"

"ఇయ్యాలనే."

"పరేషాన్ గాకు. నేను జల్ది ఒస్త." గంప సర్దుకుని రెండడుగులు వేసి, మళ్ళీ తిరిగి, "గచ్చిబౌలిల యూనివర్సిటీ కడ్తరంట గద సారూ, ఆడ నౌకరీ చూసుకోరాదు? మాకాడ్నే ఉందురు," అంది.

"కళ్ళు లేనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారమ్మా?" అన్నారు సారు.

"పుస్తకాలు కిష్టమ్మక్క చూస్తది తియ్యుండ్రి," అనుకుంటూ పోయింది.

గుట్ట ఎక్కేసరికి ఎండ బండల మీదికి వచ్చింది. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే పెద్ద బండలు, సందుల్లో తంగేడు, సీతాఫలం చెట్లు. కింద జొన్నచేలు. దూరాన కోకాపేట వైపు చెరువులో నీళ్ళు ఒక గీతలా మెరుస్తున్నాయి. బండసందుల్లో పావురాలు గుడగుడలాడుతున్నాయి. సారును ఒక చదునైన రాయి మీద కూర్చోబెట్టి, కిష్టమ్మ అంచుకు వెళ్ళింది. పక్షి కాలిపట్టీల్లోంచి తాడు తీసింది. పక్షి కాళ్ళు ఆమె చేతిని బిగించాయి. ఆకలిగా ఉన్నప్పుడు దాని పట్టు వేరుగా ఉంటుంది. గత రెండు వారాలు ఆ పట్టు లేదు.

ఆమె చెయ్యి ఎత్తింది.

పక్షి వెంటనే పోలేదు. ఒంగి చూసింది. తల పైకి, కిందికి ఆడించింది. తర్వాత చెయ్యి ఒక్కసారి తేలికైపోయింది.

"వెళ్ళిందా?" అన్నారు సారు.

"పోయింది సారూ."

"ఎక్కడ వాలింది?"

"వాలలే. తిరుగుతున్నది. బండ మీదికెంచి తిరుగుతున్నది. మీదికి పోతున్నది."

"రెక్కలు కొడుతోందా?"

"లే. ఉత్తగనే పోతున్నది. గాలే ఎత్తుతున్నది దాన్ని." ఆమె ఎండకు కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. "ఇప్పుడు పిచ్చుకంత ఉన్నది. ఇప్పుడు ఈగంత."

"కనిపిస్తోందా ఇంకా?"

ఆకాశంలో ఏమీ లేదు. పోయిందనుకుంది. ఎల్లేశం ఎక్కిపోయిన లారీ వెనకాల ఆనాడు లేచిన దుమ్ము ఆమెకు కనిపించింది. కింద జొన్నచేలో ఎవరో పిట్టల్ని తోలుతున్న కేక వినిపించింది. ఆ కేకకు పావురాలు గుంపుగా లేచి, చేను మీదుగా తిరిగి, గుట్టవైపు వచ్చాయి.

"కిష్టమ్మా! ఎక్కడుంది?"

"ఆగుండ్రి."

నల్లటి చుక్క ఒకటి కనబడింది. చుక్క పెద్దదవుతోంది. రెక్కలు లేవు దానికి. ఎవరో పైనుంచి విడిచిన రాయిలా పడుతోంది. గాలి చిరిగిన చప్పుడు సారు కూడా విని లేచి నిలబడ్డారు. పావురాల గుంపు రెండుగా చీలింది. గుప్పెడు తెల్ల ఈకలు గాలిలో అలాగే ఆగి, ఆ తర్వాత మెల్లగా దిగడం మొదలుపెట్టాయి.

"పట్టింది," అంది కిష్టమ్మ. మళ్ళీ అంది. "పట్టింది సారూ. ఎన్నడు నేర్సిందో. పట్టింది."

సారు మళ్ళీ కూర్చున్నారు. చేతికర్ర కాళ్ళ మధ్య నిలబెట్టుకుని దానిమీద నుదురు ఆనించారు.

పక్షి కింది బండ మీద పావురాన్ని తొక్కిపట్టి, రెక్కలు గొడుగులా కప్పి కూర్చుంది. కిష్టమ్మ పక్కవాటుగా నడుస్తూ, దాని కళ్ళలోకి చూడకుండా, చేరువలో గొంతుక్కూర్చుంది. దారిలో జీపు కుదుపులకు కడుపు నిండుగా ఉంటే పక్షి కక్కుకుంటుంది, గొంతులో అడ్డుపడి చస్తుంది, రెండు ముక్కల కంటే తిననివ్వకు అని సారు ముందే చెప్పారు. అది గుండె తిన్నది. ఇంకో ముక్క తిన్నది. ఆమె తొడుగు వేసుకున్న చేతిని దాని కాళ్ళకింద జొనిపి, కుడిచేత్తో పావురం మీద కొంగు కప్పి, మెల్లగా లాగేసుకుంది. నోటికాడి కూడు. పక్షి కొంగువైపు చూసింది. తర్వాత ఆమె ముఖంవైపు చూసింది. అరవలేదు.

ఇంటికొచ్చి పక్షిని కొయ్య మీద వదిలి, మిగిలిన పావురాన్ని మోదుగాకుల్లో చుట్టి వసారాలో పెట్టి, కిష్టమ్మ బావి దగ్గర చేతులు మూడుసార్లు కడుక్కుంది. తర్వాత పొయ్యి రాజేసింది. శనివారం పొద్దు ఉండగా ఆమె పొయ్యి ముట్టించడం అదే మొదలు. మూడు జొన్నరొట్టెలు చేసింది. ఉల్లికారం నూరింది. సారు పీట మీద కూర్చుని మొదటి రొట్టె తిని చెయ్యి కడుక్కోబోయారు. ఆమె ఇంకొకటి వేసింది.

"చాలు కిష్టమ్మా."

"తినుండ్రి."

"అంత దూరం ప్రయాణం..."

"అందుకే తినుండ్రి. కడుపు నింపుకోని పోవాలె."

ఆయన రొట్టె తుంచి, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. పొయ్యిలో తంగేడుపుల్ల ఒకటి చిటపటమంది.

"పోయిన శనివారం రాయి నున్నగా ఉంది," అన్నారు. "అప్పుడు పట్టించుకోలేదు. నా వేళ్ళే మొద్దుబారాయనుకున్నాను. ఇవాళ ఉలిదెబ్బలు తగిలాక అర్థమైంది."

కిష్టమ్మ పెనం మీద రొట్టెను తిప్పుతూనే ఉంది. కాలిన వైపే మళ్ళీ మళ్ళీ తిప్పింది.

"ఎందుకు చేశావు?"

"కడుపు కాలంగ పోయినోళ్ళు మర్ల రారు సారూ."

ఎల్లేశం సంగతి ఆయనకు తెలుసు. కానీ ఆ శనివారం రొట్టె సంగతి తెలియదు. ఆమె చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. నాలుగు మాటల్లో అయిపోయింది. ఆయన విన్నారు.

"మరి ఇవాళ?" అని అడిగారు.

"ఇయ్యాల రావొద్దు అది."

సారు తల ఊపారు. చేతిలోని రొట్టె తిన్నారు. ఆ తర్వాత అడగకుండానే మూడోది కూడా తిన్నారు.

జీపు చెప్పిన వేళకే వచ్చింది. లింగమూర్తి అనే ఫారెస్టు గార్డు దిగాడు. గోదావరి ఒడ్డు మనిషి, బక్కపలచగా, నోట్లో చుట్ట. ముందే తెచ్చిన వెదురుబుట్ట లోపల గోనెపట్టా కుట్టి ఉంది. కిష్టమ్మ అందులో చెయ్యి పెట్టి, ఎక్కడైనా ముల్లు ఉందేమోనని అంగుళం అంగుళం తడిమింది. ఒక వెదురుపేడు తగిలితే కొడవలితో చెక్కేసింది.

"నేనే కుట్టానండీ, ఏం భయం లేదు," అన్నాడు లింగమూర్తి.

"నీ చెయ్యి మంచిదే అయ్యా. ఎదురుబద్దకు తెలుస్తదా?"

కాలిపట్టీలు సారు కొయ్యబోయారు. తోలు కనబడక తడుముకుంటుంటే ఆమె కత్తి తీసుకుని కోసింది. నాలుగేళ్ళ తోలు గట్టిపడి ఉంది. పట్టీలు ఊడాక ఆ చోట ఈకలు అణిగి, చుట్టూ గీతలా కనిపించింది. అవి మళ్ళీ లేస్తాయా అని అడిగింది. ఈకలు మారినప్పుడు లేస్తాయని సారు చెప్పారు. రెండు చేతులతో రెక్కలు దగ్గరికి నొక్కి పక్షిని ఎత్తింది. దాని గుండె ఆమె అరచేతికి కొట్టుకుంది. బుట్టలో దించింది. లోపల చీకట్లో అది అటూ ఇటూ సర్దుకుని, నిశ్శబ్దమైపోయింది.

"దారిలో ఏవైనా పెట్టమంటారాండీ?" లింగమూర్తి అడిగాడు.

"ఏమీ వద్దు. రేపు పొద్దున అడవిలో దించేసి మూత తీసెయ్యి. ఆకలితో ఉంటేనే పైకి లేస్తుంది. లేకపోతే మన చుట్టూనే తిరుగుతుంది."

సారు ట్రంకుపెట్టె సర్దించుకోవడానికి డ్రైవరుతో లోపలికి వెళ్ళారు. లింగమూర్తి బావి దగ్గర నీళ్ళు తోడుకుంటున్నాడు. బుట్ట ముందు కిష్టమ్మ ఒక్కతే ఉంది. మూత ఇంకా కట్టలేదు. మోదుగాకు పొట్లం చేతికందే దూరంలో ఉంది. ఒక్క ముక్క. చిన్నది. ఎవరికీ తెలియదు. ఎలుక తలకాయంత ముక్కకు దారిలో ఏమైపోతుంది? పొట్లం ఆమె చేతిలోకి వచ్చింది. బుట్ట సందులోంచి ఒక కన్ను, పసుపుపచ్చగా, చేతిలో ఉన్నదాన్నే చూస్తోంది. దానికి తెలుసు. నాలుగేళ్ళుగా ఆ చెయ్యి ఊరికే దగ్గరికి రాలేదు.

ఆమె పొట్లాన్ని కుక్కలకు అందేంత దూరం, గోడ అవతలికి విసిరేసింది. మూత దించి, తాడు నాలుగుపక్కలా బిగించి కట్టింది. వెదురు మీద నోరు ఆనించి, "పో బిడ్డా. రాకు," అంది.

సారు జీపు ఎక్కేముందు ఆమె ముందు నిలబడ్డారు. ఎక్కడ చూడాలో తెలియనట్టు ఆమె భుజం పక్కకు చూశారు. "మళ్ళీ వస్తానని చెప్పలేను కిష్టమ్మా."

"మూడు రొట్టెలు తిన్నరు గద," అంది ఆమె.

ఆయన నవ్వారు. నవ్వుతూనే ఎక్కారు. జీపు మణికొండ బాట పట్టింది. దుమ్ము లేచి, తంగేడుపూల మీద మెల్లగా దిగింది. కిష్టమ్మ దుమ్ము పూర్తిగా దిగేదాకా నిలబడింది. ఆ తర్వాత గది ఊడ్చింది. ఇసుక చదును చేసింది. నీళ్ళచిప్ప కడిగి బోర్లించింది. గడియ పెట్టింది. రెండోసారి చూసుకోవడానికి వెనక్కి రాలేదు.

పొద్దువాలుతుండగా భూలక్ష్మి ఖాళీ గంపతో వచ్చి వసారా మెట్టు మీద కూలబడింది. కాళ్ళు చాపుకుని పాదాలు ఒత్తుకుంది.

"జూకా, జంగల్‌కా?"

"జంగల్‌కే."

"తినే పోయిందా?"

"లే."

భూలక్ష్మి గంప దగ్గరికి లాక్కుంది. గంప అడుగున మిగుల్చుకొచ్చిన రెండు సీతాఫలాలు తీసి, కిష్టమ్మ పక్కన పెట్టింది. "పొద్దుగూకింది. తానం జేసి తిను," అని లేచి వెళ్ళిపోయింది.

కిష్టమ్మ పళ్ళు తీసుకుని లేచింది. బావివైపు తిరుగుతూ ఒక్కసారి వసారా దూలంవైపు చూసింది. పొద్దున తూచాక ఎవరూ తియ్యలేదు. తక్కెడలో ఒక పళ్ళెం గాలిలో ఖాళీగా పైకి లేచి ఉంది. రెండో పళ్ళెం నేలకు ఆనుకుని ఉంది. అందులో, ఉలిదెబ్బల్లోకి సాయంత్రపు దుమ్ము దిగుతూ, రాయి.